గోదావరి వెలుగులో కెమెరా పాఠం

ఫొటోగ్రఫీ తరగతిలో విద్యార్థికి మొదట బోధించేది ఎక్స్‌పోజర్, అంటే సెన్సారుకు అందే వెలుతురు మోతాదు. లెన్సులోని రంధ్రమైన అపర్చర్, సెన్సారు మీద వెలుతురు పడే వ్యవధిని నియంత్రించే షట్టర్ దీన్ని నిర్ణయిస్తే, ఐఎస్‌ఓ సెన్సారు ఇచ్చే సంకేతాన్ని పెంచుతుంది. ఉదాహరణకు, రాజమహేంద్రవరానికి గోదావరి నది పడమర దిక్కున ఉన్నందున, సాయంత్రం పుష్కరఘాట్ మెట్ల మీద నిలబడిన వారికి సూర్యుడు కొవ్వూరు వైపు, నీటి మీదుగా దిగుతూ కనిపిస్తాడు. ఆ మెరుపును చూసి కెమెరా మీటరు వెలుతురు ఎక్కువైందని లెక్కగట్టి తగ్గిస్తుంది కాబట్టి పడవలోని మనిషి ముఖం నల్లబడుతుంది. ముఖమే ముఖ్యమైతే ఒకటి రెండు స్టాపులు, అంటే వెలుతురును రెండు నుంచి నాలుగు రెట్లు, పెంచాలి. నది మీద 1997లో పూర్తయిన ఆర్చి వంతెన కమానుల ఆకృతే కావాలనుకుంటే ఆ చీకటిని అలాగే ఉంచాలి. ఈ నిర్ణయాన్ని యంత్రానికి వదిలేయకూడదు.

వీడియోలో ఇంత స్వేచ్ఛ ఉండదు. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్‌ను 1/50 సెకను వద్ద ఉంచితే కదలిక సహజంగా కనిపిస్తుంది, మన కరెంటు 50 హెర్ట్జ్‌ది గనుక ట్యూబులైటు కింద మినుకుమినుకులూ రావు.

కదిలే బొమ్మలు రాజమహేంద్రవరానికి కొత్త కాదు; 1936లోనే నిడమర్తి సూరయ్య ఇక్కడ దుర్గా సినీటోన్ స్టూడియో నెలకొల్పారు. బాపు ‘సాక్షి’ (1967) చిత్రీకరణ జరిగిన పులిదిండి కూడా ఈ సీమలోనిదే. ఆ సినిమాను శబ్దం ఆపి, వెలుతురు ఎటునుంచి పడుతోందో షాటు షాటుకూ గమనిస్తూ చూడటం విద్యార్థులకు ఎంతో విలువైన అభ్యాసం.