జేబులో పదినోటంత, చేతిలో వందనోటంత

కొత్త పది రూపాయల నోటొకటి, కొత్త వంద రూపాయల నోటొకటి మడతపెట్టకుండా బల్ల మీద పక్కపక్కన పరచండి. పదినోటు పొడవు 123 మిల్లీమీటర్లు, వందనోటుది 142. జపాన్‌లో పైలట్, సెయిలర్, ప్లాటినం కంపెనీలు 1960ల చివర్లోనూ 1970ల్లోనూ చేసిన పొట్టి ఫౌంటెన్ పెన్నుల్లో చాలావాటికి ఈ రెండు నోట్లే సరైన కొలబద్ద. మూత పెట్టి ఉంటే పదినోటు కంటే కాస్త తక్కువ, మూత తీసి వెనక తగిలిస్తే ఇంచుమించు వందనోటంత. పాత పెన్నులు సేకరించి వాటితోనే రోజూ రాసుకోవాలనుకునేవారు వీటితోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

మూత ముందు నుంచి వెనక్కి మారితే పెన్ను ఎలా పెరుగుతుంది? లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు పాళీతో కలిపి ఒంటి పెన్ను 103 మి.మీ., మూత 70 మి.మీ. అనుకుందాం. రెండూ కలిపితే 173. మూసినప్పుడు పాళీ, వేళ్లతో పట్టుకునే పొడవాటి భాగం కలిసి 55 మి.మీ. మూతలో దాక్కుంటాయి. బయట కనిపించేది 118. వెనక తగిలించినప్పుడు మూతలోకి వెళ్లేది 29 మి.మీ. మాత్రమే, కాబట్టి పొడవు 144 అవుతుంది. పట్టుకునే భాగాన్ని బాగా పొడవుగా, వెనక గొట్టాన్ని పొట్టిగా చేయడంలోనే కిటుకంతా ఉంది.

అంత చిన్న పెన్ను పెద్ద చేతికి ఇమడదేమో అనుకుంటారు. పేరున్న పార్కర్ 51 మూత పెట్టి ఉన్నప్పుడు 138 మి.మీ.కి అటూఇటూ ఉంటుంది. మనం చెప్పుకున్న పొట్టి పెన్ను రాసేటప్పుడు అంతకంటే కాస్త పొడవే. అయితే మూత వెనక తగిలించకుండా రాసే అలవాటున్నవారికి ఇవి పనికిరావు. 103 మి.మీ. పెన్ను చేతిలో నిలకడగా ఉండదు.

జపాన్‌లో ఇవి ఇంటింటికీ తెలిసిన వస్తువులు. 1969లో పైలట్ ఎలైట్ ఎస్ పెన్నుకు టీవీ వ్యాఖ్యాత ఓహాషి క్యోసెన్ అర్థంపర్థం లేని మాటలతో ఓ పద్యం చెబుతూ ప్రకటన చేస్తే దేశమంతా దాన్నే వల్లించింది. అదే ఏడు సెయిలర్ 21 క్యారెట్ల బంగారు పాళీ తెచ్చింది. 1971లో పైలట్ మ్యూ 701 వచ్చింది. దాని పాళీ, పట్టుకునే భాగం ఒకే ఉక్కు ముక్క. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ పాళీ వంగితే విడిగా మార్చలేం. అందుకే తొలి పెన్నుగా దాన్ని కొనమనను.

బంగారం అనగానే క్యారెట్ల మీదికి పోతుంది మనసు. 24కి 14 అంటే 58 శాతం, 18 అంటే 75 శాతం. మన నగల మీద కనిపించే 916 అంటే 22 క్యారెట్లు. పాళీకి బంగారం వాడేది సిరాకు తుప్పు పట్టదని. క్యారెట్లు పెరిగితే లోహం మెత్తబడుతుందే తప్ప రాత బాగుపడదు. కాగితాన్ని తాకేది అసలు బంగారమే కాదు, పాళీ మొనకు అతికించిన గట్టి లోహపు గింజ. ఆ గింజ అరిగిపోతే 21 క్యారెట్లయినా ఒకటే. కొనేముందు మొన దగ్గరి ఫొటో అడగండి. రెండు చీలికలూ సమంగా ఉండాలి, గింజ రెండు వైపులా కనబడాలి.

సాధారణంగా జపాన్ సన్నపాళీ యూరప్ సన్నపాళీ కంటే ఇంకా సన్నం. గీతలు కిక్కిరిసిన వాళ్ల లిపికి అది అవసరం. మనకూ అంతే. చిన్న అక్షరాల్లో 'క్ష్మ', 'త్స్య' లాంటివి రాసినప్పుడు ఒత్తుల కడుపులు సిరాతో పూడిపోకుండా ఉండేది ఈ పాళీతోనే.

ఇంత చిన్న పెన్నులో సిరా ఎంత పడుతుంది? తక్కువే, దాచాల్సిన పని లేదు. పైలట్ కార్ట్రిడ్జ్, అంటే సిరా నింపి అమ్మే ప్లాస్టిక్ గొట్టం, 0.9 మిల్లీలీటర్లు పడుతుంది. టీ చెంచాలో ఐదో వంతు కూడా కాదు. రాజమండ్రి రత్నం పెన్నుల్లా డ్రాపర్‌తో పోసుకునే వాటిలో అంతకు రెట్టింపు పైనే పడుతుంది. అయితే ఖాళీ గొట్టాన్ని సిరంజితో మళ్లీ నింపుకోవచ్చు. 30 మి.లీ. సీసాతో 33 సార్లు నింపవచ్చు. వారానికోసారి నింపినా ఏడు నెలలు దాటుతుంది. మూడు కంపెనీల గొట్టాలూ ఒకదానిది ఒకదానికి పట్టవు. ఇప్పుడు దొరికే గొట్టం పడుతుందో లేదో అమ్మేవారిని అడిగాకే కొనండి.

పాత అమెరికన్ పెన్నుల్లోనూ పొట్టివి ఉన్నాయి. ఎస్టర్‌బ్రుక్ ఎస్‌జే చక్కటి పెన్ను. కానీ లోపల సిరా నిలిచే రబ్బరు తిత్తి కాలంతో గట్టిపడి చిట్లిపోతుంది. కొత్త తిత్తి వేయించుకోవాలి. జపాన్ పొట్టి పెన్నుల్లో ఎక్కువ భాగానికి ఆ బాధ లేదు. మొదట ఇవే తీసుకోమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

వయసు తెలుసుకోవడం పైలట్ పెన్నుల్లో సులువు. పాళీ మీద H469 అని ఉంటే హెచ్ అంటే హిరాత్సుక ఫ్యాక్టరీ, 4 అంటే ఏప్రిల్, 69 అంటే 1969. H1171 ఉంటే 1971 నవంబరు. కొన్నిసార్లు ఆ అంకెలు పట్టుకునే భాగం కిందికి పోతాయి. వాటి కోసం పాళీని బలవంతంగా లాగకండి.

పెన్ను చేతికొచ్చాక సిరా పోసే తొందర వద్దు. పాళీ, దాని కింద సిరాను మొన దాకా చేర్చే నాలిక మునిగేలా మామూలు నీళ్లలో రాత్రంతా ఉంచండి. రంగు దిగడం ఆగేదాకా నీళ్లు మార్చండి. వేడినీళ్లు, స్పిరిట్ ప్లాస్టిక్‌ను పాడు చేస్తాయి. డ్రాయింగ్‌కు వాడే ఇండియన్ ఇంకు ఎండితే లోపలి సన్నని దారులు మూసుకుపోతాయి, దాన్ని దగ్గరికి రానివ్వకండి. నెల రోజులు రాయబోవడం లేదంటే సిరా తీసేసి, కడిగి, ఆరబెట్టి దాచండి.