అల్పసంఖ్యాకుల భాష రాజ్యభాష యైన కథ

పదునేడు వేలకు మించిన దీవులలో నివసించుచు, ఏడువందలకు పైబడిన భాషలలో మాటలాడుకొను ప్రజలను ఒక్క జాతిగా సంఘటింపబూనిన నాయకులు, ఆ జాతికొక భాషను ఎన్నుకొనవలసి వచ్చినపుడు, జనసంఖ్యలో రమారమి సగముగా నుండిన జావావారి భాషను, ప్రాచీనకావ్యసంపదయు రాజాస్థానగౌరవమును గల ఆ భాషను ప్రక్కకు నుంచి, స్వల్పసంఖ్యాకులకు మాత్రమే మాతృభాష యైన మలయ్ భాషను స్వీకరించుటయు, అందుకు జావావారే సమ్మతించుటయు ఇరువదవ శతాబ్దపు రాజకీయచరిత్రలో మిక్కిలి యరుదైన ఘట్టము. ఈ యెన్నికలోని ఔదార్యమును, దాని వెనుక వచ్చిన చిక్కులను కలిపి చూచిన గాని ఇండోనేషియా మనస్సు మనకు పట్టువడదు.

1928 అక్టోబరు 28వ తేదీన, నేడు జకార్తా యనబడు బటేవియా నగరమున సమావేశమైన యువజన మహాసభ మూడు ప్రతిజ్ఞలు చేసినది. మాతృదేశ మొక్కటి, జాతి యొక్కటి యని మొదటి రెండును ఘోషింపగా, మూడవది మాత్రము భాష యొక్కటియే యనలేదు; ఐక్యభాష యైన ఇండోనేషియా భాషను, అనగా ఆ పేరు పొందిన మలయ్ భాషను, శిరసావహింతుమని మాత్రమే పలికినది. ఇది బుద్ధిపూర్వకమైన వివేకమని నా విశ్వాసము. ఏలయన, తక్కిన భాషలకు అందులో చోటు మిగిలియున్నది. ఆ తరము విద్యావంతులలో పలువురకు మలయ్ కన్న డచ్చి భాషయందే ధారాళత యెక్కువ. అయినను శతాబ్దములుగా రేవుపట్టణములలో వర్తకుల నోట, ఇస్లాము బోధకుల నోట, తుదకు డచ్చి ప్రభుత్వపు క్రిందితరగతి యుద్యోగుల నోట నానిన మలయ్ భాష దీవినుండి దీవికి అప్పటికే ప్రాకియుండెను. 1917 మొదలు ‘బలై పుస్తక’ యను ప్రభుత్వ ప్రచురణసంస్థ ఆ భాషలో గ్రంథములను విరివిగా అచ్చొత్తించినది. 1942లో దండెత్తివచ్చిన జపానువారు డచ్చి భాషను నిషేధింపగా, కచేరీలలోను బడులలోను ఆ చోటును నింపుటకు ఇదియే సిద్ధముగా నుండెను. 1945 రాజ్యాంగము తన 36వ అధికరణమున దీనిని రాజ్యభాషగా శాసించినది.

అయితే వ్యాప్తి యొక్కటియే కారణము కాదు. జావా భాషలో ఎదుటివాని అంతస్తును నిర్ణయించుకొనక నోరు విప్పుటకు వీలులేదు. సమానులతోను చిన్నవారితోను పలుకునది ‘న్గోకో’; పెద్దలతో పలుకునది ‘క్రమ’. స్నేహితుడు తినుటను చెప్పునపుడు ‘మంగన్’ అందురు. మర్యాద పాటింపవలసిన చోట ‘నెద’ అందురు. గౌరవింపదగిన పెద్ద తినుటను చెప్పునపుడు ‘దహర్’ అందురు. మనకును తినుట, భోజనము చేయుట, ఆరగించుట యను భేదము లేకపోలేదు గాని, మనము అట్టి మాటలు కొన్నింటితో సరిపెట్టుకొందుము. అక్కడ ఇల్లు, నిద్ర, నడక, చేయి, కన్ను మొదలుగా నిత్యజీవితపు మాటలు వందలకొలది ఈ విధముగనే శ్రేణులుగా విడిపోవును. పెద్దవాడు న్గోకోలో అడుగును, చిన్నవాడు క్రమలో బదులు చెప్పును. స్వాతంత్ర్యమును కోరు యువకునకు ఈ మెట్లు దాస్యచిహ్నములుగా తోచుటలో వింత యేమున్నది? సురబయ నగరమున పుట్టిన ‘జావా దీప’ ఉద్యమము ఎల్లరును న్గోకోలోనే మాటలాడవలెనని వాదించినది గాని నెగ్గలేదు. ఇట్టి మెట్లు లేని మలయ్ భాష వారికి సమానత్వమునకు తెరచిన తలుపు వలె కనబడెను.

ఈ భావమును ప్రమూద్య అనంత తూర్ కన్న గాఢముగా అనుభవించిన రచయిత లేడనవచ్చును. 1925లో జావాలోని బ్లోరాలో పుట్టియు ఆయన ఇండోనేషియా భాషలోనే వ్రాసెను. విచారణ లేకయే బూరు ద్వీపమున 1969 నుండి 1979 వరకు బందీగా నుండి, వ్రాసికొనుటకు కాగితమునకు సైతము నోచుకొనని దినములలో, తోడి ఖైదీలకు నోటితో చెప్పిన కథయే ‘బుమి మనుసియా’ యను నవల. డచ్చి పాఠశాలలో చదివిన కథానాయకుడు, జిల్లాధికారి యైన తన తండ్రి సన్నిధికి నేలపై ప్రాకుచు పోవలసి వచ్చిన ఘట్టములో, జావా మర్యాదలు ఆత్మగౌరవమును ఎట్లు నలుపగలవో ఆయన చూపెను. 1980లో అచ్చయిన ఆ పుస్తకమును ప్రభుత్వము మరుసటి యేడే నిషేధించినది.

విప్లవకాలమున స్వాతంత్ర్యయోధులు ఒకరినొకరు ‘బుంగ్’ అని, అనగా అన్నా యని, పిలుచుకొనిరి. అధ్యక్షుడు సుకర్ణో దేశమున కంతకును బుంగ్ కర్ణో, ఉపాధ్యక్షుడు బుంగ్ హట్టా. 1966లో సైన్యాధిపతి సుహార్తో చేతికి అధికారము వచ్చిన పిమ్మట ‘బుంగ్’ సన్నగిల్లి, తండ్రి యను నర్థము గల ‘బాపక్’ ప్రబలమైనది. 1983లో దేశపు మహాసభ ఆయనకు ‘అభివృద్ధి పిత’ యను బిరుదమునే ఒసగినది. అన్నతో వాదింపవచ్చును, తండ్రి యెదుట తల వంచవలెను. మెట్లు లేవని ఎన్నుకొన్న భాషలోనికి మెట్లు ఈ దారిన మరల ప్రవేశించినవి. ఒకనిని నిర్బంధించిన ‘భద్రపరచిరి’ అనియు, ధరలు పెంచిన ‘సవరించిరి’ అనియు పత్రికలలో వ్రాయు వాడుక స్థిరపడినది. భిన్నమతస్థులను ఒక నీడకు చేర్చుటకై సుకర్ణో 1945 జూను 1న ప్రతిపాదించిన పంచశీల యను రాజ్యసిద్ధాంతము, 1978 నుండి విద్యార్థులును ఉద్యోగులును తప్పక హాజరు కావలసిన శిక్షణతరగతులలో, విధేయతకు పరీక్షగా మారినది. చీనా సంతతివారి గతి మరింత దుస్సహము: 1967 నాటి యుత్తర్వు వారి పండుగలను ఇంటి గోడల లోపలికి నెట్టినది, చీనా బడులు మూతపడినవి, చీనా లిపి వీధులనుండి మాయమైనది, అనేకులు ఇండోనేషియా పేర్లు పెట్టుకొనవలసి వచ్చినది. ఐక్యత పేరిట ఒక సమాజము నోరు కట్టుట 1928 నాటి ప్రతిజ్ఞకు ద్రోహమని చెప్పుటకు నేను సంకోచింపను. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వహీద్ ఆ యుత్తర్వును రద్దుచేసెను. 2003 నుండి చీనా సంవత్సరాది జాతీయ సెలవుదిన మైనది.

రాజ్యభాష యింతగా నెగ్గినపుడు ఇంటిభాష సంగతి యేమి? జావా పట్టణములలో తలిదండ్రులు పలువురు, బిడ్డలు క్రమలో తప్పు మాటలాడి పెద్దలయెడ అమర్యాద చేయుదురేమో యన్న జంకుతో, వారితో ఇండోనేషియా భాషలోనే మాటలాడుచున్నారు. పిల్లలకు తోటివారి సావాసమున న్గోకో వచ్చును గాని క్రమ రాదు. ఏ మెట్లు అన్యాయమని ఒక తరము దిగివచ్చినదో, ఆ మెట్లతోపాటు వాటి సొగసైన పలుకుబడియు మరియొక తరమునకు దూరమగుచున్నది. బాలిద్వీపమున 2018 నాటి గవర్నరు ఉత్తర్వుల ప్రకారము ప్రతి గురువారము కార్యాలయములలోను పాఠశాలలలోను బాలి భాషనే వాడవలెను, సంప్రదాయవస్త్రములనే ధరింపవలెను. ఫిబ్రవరి నెల బాలి భాషామాసము. ప్రాంతీయభాషలను జాతీయసంపదగా గౌరవించి కాపాడుదునని రాజ్యము 2002లో రాజ్యాంగమున వ్రాసికొనినది. 2022లో కేంద్రవిద్యాశాఖ వాని పునరుజ్జీవనమునకు ఒక పథకమును ప్రారంభించినది. జావా, సుందా, బాలి భాషలకు కోట్లలోనో లక్షలలోనో జనబలము కలదు, లిపియు సాహిత్యమును కలవు. మలుకు దీవులలోను పాపువా కొండలలోను కొందరు వృద్ధుల నోట మాత్రమే మిగిలిన చిన్న భాషలకు అట్టి బలము లేదు. ఆ పథకము మొదట చేరవలసినది ఆ వృద్ధుల యొద్దకే.