కొత్త రంగు సరే... పాత రంగు మాటేమిటి?

కూతురు పురిటికి వస్తోందంటే ముందుగా ఇంటికి రంగులు వేయించాలనుకుంటాం. పెయింటర్‌తో రేటు మాట్లాడతాం, షేడ్లు చూస్తాం, ఎన్ని రోజుల్లో అవుతుందని అడుగుతాం. గోడల మీంచి, తలుపుల మీంచి గీకి రాల్చే పాత రంగు గురించి మాత్రం ఎవరం అడగం. ఇంట్లోవాళ్ల ఆరోగ్యానికి సంబంధించిన అసలు సంగతి అక్కడే ఉంది.

పెళ్లి, పండగ, గృహప్రవేశం... మన ఇళ్లకు రంగులు పడాలంటే ఏదో ఒక శుభకార్యం రావాలి. వీటన్నిటిలోకీ ఎక్కువ తొందరపడేది పురుడు విషయంలోనే. అమ్మాయి పుట్టింటికి వచ్చేసరికి గోడలు తళతళలాడాలి, బారసాలకు వచ్చే చుట్టాల ముందు ఇల్లు కళగా ఉండాలి. నంద్యాలలో అయినా, ఆళ్లగడ్డలో అయినా జరిగేది ఇదే. తీరా పెయింటర్ దొరికి పని మొదలయ్యేసరికి అమ్మాయి వచ్చేసి ఉంటుంది. ఒక గదిలో తలుపులు గీకుతుంటే పక్క గదిలో ఆమె పడుకొని ఉంటుంది. ‘వాసన కాస్త ఓర్చుకో తల్లీ, రెండు రోజుల్లో పోతుంది’ అంటాం.

వాసన నిజంగానే కొన్నాళ్లకు పోతుంది. దుమ్ము అలా కాదు. కిటికీ మూలల్లో, పరుపు మీద, గచ్చు సందుల్లో నిలిచిపోతుంది. ఆర్నెల్ల తర్వాత అదే గచ్చు మీద పాప పాకుతుంది. ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది.

పచ్చని గడప వెనక

నంద్యాల జిల్లాలో సున్నపురాయికి కొదవ లేదు. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల నాపరాళ్ల గనులు ఆ రాయి మీద ఆధారపడినవే. ఒకప్పుడు మన గోడలకు తెలిసిన రంగు కూడా సున్నమే. ఏటా పండగకు ముందు వెల్ల వేసేవారు. సున్నానికి క్షార గుణం ఉండటంతో గోడలకు బూజు తొందరగా పట్టేది కాదు. తర్వాత డిస్టెంపర్లు, ఎమల్షన్లు వచ్చాయి. తలుపులు, కిటికీలు, ఇనుప గ్రిల్స్‌కు మెరిసే ఎనామిల్ వచ్చింది. రోజూ పసుపు రాయడం కుదరక గడపకు కూడా పసుపుపచ్చ ఎనామిల్ వేసి, ఎర్ర బొట్లు పెట్టడం అలవాటైంది.

చిక్కు ఈ ఎనామిల్‌తోనే. పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ వంటి ముదురు రంగులు బాగా మెరవడానికి, త్వరగా వెలిసిపోకుండా ఉండటానికి వాటిలో చాలాకాలం సీసం కలిసిన పదార్థాలు వాడారు. ముదురు పసుపుకి వాడింది లెడ్ క్రోమేట్. రంగు త్వరగా ఆరడానికి కూడా సీసం సమ్మేళనాలు కలిపేవారు. అంటే ఇంట్లో సీసం ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నది గోడల్లో కాదు, పిల్లలు పట్టుకుని నిలబడే కిటికీ గ్రిల్‌లో, తెరుస్తూ మూస్తూ ఒరుసుకుపోయే తలుపులో, అందరూ తొక్కుతూ నడిచే గడపలో.

సీసం చేసే చేటు

ఇంత వరకు సీసం ఒంట్లో ఉన్నా ఫర్వాలేదని చెప్పగలిగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దలతో పోలిస్తే చిన్నపిల్లల శరీరం మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుంది. ఐరన్, క్యాల్షియం తక్కువగా ఉన్న పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఎదిగే మెదడు మీద దీని ప్రభావం పడుతుంది. చదువులో వెనకబడటం, ఏకాగ్రత లేకపోవడం, రక్తహీనత వంటివి రావచ్చు. చాలామందిలో పైకి ఏ లక్షణమూ కనిపించదు. ‘అల్లరి ఎక్కువ, బుద్ధి నిలవదు’ అని మనం సరిపెట్టుకుంటాం.

గర్భిణుల విషయంలో రెండు సమస్యలు. రక్తంలో చేరిన సీసం మాయ ద్వారా బిడ్డకూ చేరుతుంది. పైగా ఎప్పుడో చిన్నతనంలో ఎముకల్లో పేరుకున్న సీసం కూడా గర్భంతో ఉన్నప్పుడు క్యాల్షియంతో పాటు తిరిగి రక్తంలోకి వస్తుంది. గర్భస్రావానికి, నెలలు నిండకుండా కాన్పు కావడానికి, బిడ్డ బరువు తగ్గడానికి ఇది దారితీయవచ్చు.

మట్టి, సున్నపు పెచ్చులు తినే అలవాటున్న పిల్లలు కొందరుంటారు. వాళ్లు ఊడిన రంగు పెచ్చులు కూడా నోట్లో పెట్టుకుంటారు. మీ పిల్లలకు ఆ అలవాటు ఉంటే కసిరి వదిలేయకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. రక్తహీనతతో పాటు రక్తంలో సీసం పరీక్ష కూడా అవసరమేమో అడగండి.

2017 గుర్తుంచుకోండి

ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. 2017 నవంబరు 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. 90 పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో 90, మరోలా చెప్పాలంటే కిలోకు 90 మిల్లీగ్రాములు. ఈ పరిమితికి లోబడి ఉన్నట్టు డబ్బా మీద ముద్రించాలి. కాబట్టి కొత్త రంగు కొనేటప్పుడు ఆ మాట ఉందో లేదో చూడండి. ఈ నిబంధన ఇళ్ల రంగులకే గానీ పరిశ్రమలకు వాడే రంగులకు కాదు. గేటుకో, గ్రిల్‌కో ‘ఇది గట్టిగా ఉంటుంది’ అని పరిశ్రమల రంగు తెస్తామంటే వద్దని చెప్పండి.

మీ ఇంటి తలుపులకు, గ్రిల్స్‌కు అంతకు ముందు వేసిన రంగు ఉంటే మాత్రం అందులో సీసం ఉందనే అనుకుని జాగ్రత్తపడటం మంచిది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించారు. అయినా అంతకు ముందు కట్టిన ఇళ్లలో రంగు గీకే పనికి ప్రత్యేక శిక్షణ పొందినవారినే పెట్టుకోవాలని 2010 నుంచి అక్కడ నిబంధన ఉంది. కొత్త డబ్బా మారినంత మాత్రాన పాత పొర మాయం కాదు కదా!

గీకడంలోనే ఉంది కిటుకు

పాత రంగు గట్టిగా అతుక్కుని ఉంటే గీకించకండి. సబ్బునీళ్లతో కడిగించి, ఆరాక దాని మీదే ప్రైమర్, కొత్త రంగు వేయించవచ్చు. పెచ్చులూడుతున్న చోట మాత్రం గీకక తప్పదు. అక్కడ ముందు నీళ్లు చల్లి, తడి మీదే రుద్దమనండి. పొడి ఎమరీ పేపర్‌తో, మెషీన్‌తో రుద్దితే దుమ్ము ఇల్లంతా పాకుతుంది. మంట పెట్టి రంగు ఊడగొట్టడం అసలే వద్దు. ఆ పొగలో సీసం ఉంటుంది.

పని జరిగే గదిలోంచి పరుపులు, బట్టలు, గిన్నెలు ముందే తీసేయండి. తీయలేని వాటిని ప్లాస్టిక్ షీటుతో కప్పండి. నేల మీద కూడా షీటు పరిచి, సాయంత్రం పెచ్చులతో సహా చుట్టి కట్టేయండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి, నీళ్లు మార్చి మరోసారి తుడవాలి.

ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేసే చేటు అక్కడివారికి వేరే చెప్పక్కర్లేదు. లప్పం పెట్టి రుద్దేటప్పుడు లేచే తెల్లటి పొడినీ అంత జాగ్రత్తగానే చూడాలి. ఆస్తమా ఉన్నవారికి అది వెంటనే ఆయాసం తెప్పిస్తుంది.

గర్భిణి, అయిదేళ్లలోపు పిల్లలు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు ఆ రోజుల్లో ఇంట్లో లేకపోవడమే ఉత్తమం. పిన్ని ఇంటికో, మేనమామ ఇంటికో పంపండి. వీలైతే అమ్మాయి రాకముందే పని ముగించేయండి. వీలు కాలేదా... కాన్పయ్యాక, తల్లీబిడ్డా అత్తారింటికి వెళ్లాక వేయించుకోవచ్చు. గోడ మాసి ఉంటే బారసాల ఆగిపోదు.

వాసన సంగతి

ఎనామిల్, వార్నిష్, థిన్నర్ల నుంచి ఆవిరయ్యే రసాయనాలతో కళ్ల మంట, తలనొప్పి, వికారం వస్తాయి. గోడలకు నీటితో కలిపే ఎమల్షన్లు ఎంచుకుంటే ఈ బాధ తగ్గుతుంది. వాటిలోనూ ఆవిరి తక్కువగా వచ్చేవి ‘లో వీఓసీ’ పేరుతో దొరుకుతున్నాయి. వాసన రాకపోతే రసాయనాలు లేవని కాదు, అందుకే ఏది వేసినా కిటికీలు తెరిచే ఉంచాలి. రంగు వేసిన గదిలో ఆ రాత్రి పడుకోవద్దు. రెండు మూడు రోజులు గాలి ఆడనిచ్చి, వాసన పూర్తిగా పోయాకే పిల్లల్ని పడుకోబెట్టండి. థిన్నర్ ఉన్న గదిలో దీపం, అగరుబత్తి, సిగరెట్ వంటివి ఉండకూడదు.

పైన పటారం... లోన లొటారం

నంద్యాల చుట్టూ నల్లరేగడి నేలలు ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే ఈ నేలలో గోడలకు పగుళ్లు మామూలే. ఆ పగుళ్లలోంచి, మిద్దె మీంచి నీరు దిగితే గోడ ఉప్పు పొంగుతుంది, బూజు పడుతుంది. బూజు వల్ల తుమ్ములు, దగ్గు, ఆస్తమా పెరుగుతాయి. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి బాగు చేయించకుండా రంగు వేస్తే నాలుగు నెలల్లో మళ్లీ పొంగుతుంది. డబ్బూ దండగ, దగ్గూ తగ్గదు. ముందు మేస్త్రీని, తర్వాత పెయింటర్‌ను పిలవండి. వానలు తగ్గి, ఎండలు ముదరకముందు, అంటే సంక్రాంతి నుంచి ఉగాది వరకు రంగులకు అనువైన కాలం. గోడలు పొడిగా ఉంటాయి, కిటికీలు తెరుచుకోవచ్చు, పెయింటర్‌కూ వడదెబ్బ భయం ఉండదు.

పని ఒప్పుకునే ముందు...

పెయింటర్ ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే దొరుకుతాడు. అంతటితో సరిపెట్టకుండా, ఏడాది కిందట ఆయన రంగు వేసిన ఇల్లు ఒకటి చూసి రండి. తర్వాత ఈ విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి.

* పాత రంగును తడిపి రుద్దుతారా? రోజూ సాయంత్రం శుభ్రం చేసేది ఎవరు?
* కూలికి మాత్రమేనా, సామానుతో కలిపి ఒప్పందమా? సామాను కూడా ఆయనే తెస్తే కంపెనీ, రకం, షేడ్ నంబరు రాయించుకోండి. సీలు మీ ముందే తీయాలి.
* లప్పం ఎన్నిసార్లు, ప్రైమర్ ఎన్ని కోట్లు, రంగు ఎన్ని కోట్లు?
* కొలత ఎలా? ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిలో నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు, పైకప్పు 120. మొత్తం 560. తలుపులు, కిటికీల కొలత తీసేస్తారో లేదో ముందే తేల్చుకోండి.
* ఏ గది ఏ రోజు? ఒక్కో గది పూర్తయ్యాకే మరో గది మొదలుపెడితే ఇంట్లోవాళ్లకు చోటుంటుంది.
* డబ్బు ఎప్పుడెప్పుడు? మొత్తం ముందే ఇవ్వకండి. పని సాగేకొద్దీ ఇస్తూ, చివరి వాయిదా పని చూసుకున్నాక ఇవ్వండి.

ఆయనకూ ఇల్లుంది

పెయింటర్ వృత్తిలో ఎదురయ్యే రసాయనాలు, దుమ్ము క్యాన్సర్‌కు కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) తేల్చింది. మన ఇంట్లో నాలుగు రోజులుండే దుమ్ములో ఆయన ఏడాదంతా బతుకుతాడు. ముఖానికి చుట్టుకున్న తువాలు సన్నటి దుమ్మును ఆపలేదు. గీకేటప్పుడు, రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు కావాలి. థిన్నర్ ఆవిరిని మాత్రం అదీ ఆపదు, గాలి ఆడటమే దిక్కు. నాలుగు మాస్కులు, ఒక సబ్బు మీరే తెచ్చిపెట్టండి. అన్నం తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోమనండి, థిన్నర్‌తో కాదు. సాయంత్రం బట్టలు మార్చుకుని వెళ్లే వీలు కల్పించండి. లేకపోతే మన గడప దుమ్ము వాళ్ల పిల్లల దాకా వెళ్తుంది.

బయటి గోడలకు వేసేటప్పుడు నిచ్చెన, పరంజా గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. ఎత్తులో బెల్టు తప్పనిసరి. బాల్కనీ దగ్గర కరెంటు తీగలుంటే విద్యుత్ సిబ్బందికి చెప్పి, సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పెయింటర్లూ పేరు నమోదు చేసుకోవచ్చు. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. ఆయనకు తెలియకపోతే చెప్పండి.

ప్రమాదం జరిగితే

* థిన్నర్, టర్పెంటైన్‌ను ఎప్పుడూ కూల్‌డ్రింక్ సీసాల్లో, నీళ్ల బాటిళ్లలో పోయనివ్వద్దు. పిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకు వస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. సీసా వెంట తీసుకెళ్లండి.
* సున్నం గానీ, సిమెంటు గానీ కంట్లో పడితే నలపకండి. ధారగా పడే మంచినీళ్లతో కనీసం 20 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. చూపు పోయే ప్రమాదం ఉంది.
* రంగు వాసనకు ఆయాసం, కళ్లు తిరగడం మొదలైతే ముందు బయటి గాలిలోకి తీసుకురండి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుకునే ఇళ్లు మనవి. పాప మొదటిసారి గడప పట్టుకుని లేచి నిలబడే రోజు కోసం ఇల్లంతా ఎదురుచూస్తాం. ఆ గడపకు వేసే రంగు ఏమిటో, దాని కింద ఉన్న పాత రంగు ఏమైందో ఈసారి పెయింటర్‌ను అడగండి.