మెక్సికో మిఠాయితో సైన్స్ పాఠం.. హిస్టరీ చెప్తే మాత్రం బ్యాన్! టూసన్ స్కూళ్లలో ఏం జరిగిందంటే..

వలస కుటుంబాల పిల్లలు చదువులో వెనకబడితే మొదట వినిపించే మాట ఒక్కటే.. "ఇంట్లో చెప్పేవాళ్లు లేరు". అమెరికాలో మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో ఉన్న టూసన్ సిటీలో కొందరు టీచర్లు ఆ మాట నిజమో కాదో చూద్దామని నేరుగా పిల్లల ఇళ్లకే వెళ్లారు.

యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా పరిశోధకుడు లూయిస్ మోల్ టీమ్ వాళ్లకు తోడుగా ఉంది. మార్కుల మీద కంప్లయింట్ చేయడానికి కాదు, ఆ ఇంట్లోవాళ్లకు ఏమేం తెలుసో అడగడానికి. చూస్తే వ్యవసాయం, పశువుల పెంపకం, ఇళ్లు కట్టడం, రిపేర్లు, మూలికా వైద్యం.. లిస్ట్ పెద్దదే. దీనికే 'ఫండ్స్ ఆఫ్ నాలెడ్జ్' అని పేరు పెట్టారు. అంటే ఇంట్లో పోగైన తెలివి అన్నమాట. 1992లో దీనిపై వాళ్లు రాసిన వ్యాసం ఇప్పటికీ టీచర్ ట్రైనింగ్‌లో చదివిస్తారు.

అందులో ఓ పిల్లాడి సంగతి భలే ఉంటుంది. మెక్సికో నుంచి తెచ్చిన మిఠాయిలు ఇక్కడ అమ్ముతుంటాడు. టీచర్ దాన్నే పాఠం చేసేశారు. రెండు దేశాల మిఠాయిల్లో ఏమేం కలుపుతారు? పిల్లలు పోల్చి చూశారు, గ్రాఫులు గీశారు. ఓ తల్లి క్లాసుకొచ్చి 'పిపిటోరియా' అనే మిఠాయి చేసి చూపించారు. హోంవర్క్ చూడలేని అమ్మ అనుకున్నవాళ్లే ఆ రోజు టీచర్!

తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు వస్తుంటాయి. మట్టి పాళ్లు, అచ్చుల కొలతలు, వేల ఇటుకల లెక్క.. అదంతా మ్యాథ్సే కదా!

మరి గొడవ ఎక్కడొచ్చింది? మిఠాయి దగ్గర కాదు, చరిత్ర దగ్గర. టూసన్ స్కూళ్లలో 1998 నుంచి మెక్సికన్ అమెరికన్ స్టడీస్ ఉండేది. స్థానిక మెక్సికన్ల చరిత్ర, సాహిత్యం చెప్పేవారు. ఇది జాతుల మధ్య ద్వేషం పెంచుతోందని రాష్ట్ర నేతలు 2010లో చట్టం తెచ్చారు. ఆపకపోతే రాష్ట్రం ఇచ్చే నిధుల్లో 10 శాతం కట్ అన్నారు. 2012 జనవరిలో స్కూల్ బోర్డు ప్రోగ్రామ్ మూసేసింది. ఏడు పుస్తకాలు క్లాసుల్లోంచి తీసేశారు.

విచిత్రమేంటంటే, ఈ కోర్సు తీసుకున్నవాళ్లే రాష్ట్ర పరీక్షలు, గ్రాడ్యుయేషన్‌లో మెరుగ్గా ఉన్నారని యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా పరిశోధకులు 2014లో తేల్చారు.

2017 ఆగస్టులో ఫెడరల్ జడ్జి వాలెస్ తషీమా తీర్పు ఇచ్చారు. చట్టం తేవడం, అమలు చేయడం రెండింటి వెనకా జాతి వివక్షే ఉందని తేల్చారు. పాత పేరుతో ఆ ప్రోగ్రామ్ మళ్లీ రాలేదు. మరో కోర్టు కేసు ఆదేశాలతో 2013లోనే మొదలైన వేరే కోర్సుల్లో ఆ చరిత్ర కొంత చెప్తున్నారు.