దాయాది ఓటు.. రాజు తల! ఫ్రాన్స్‌లో ఓర్లియన్స్ వంశం కథేంటి?

1793 జనవరి. ఫ్రాన్స్ రాజు 16వ లూయీకి మరణశిక్ష వేయాలా వద్దా అని పారిస్ సభలో ఓటింగ్ జరుగుతోంది. ఒక్కో సభ్యుడూ లేచి తన నిర్ణయం నోటితో చెప్పాలి. రాజు దాయాది ఫిలిప్ వంతు వచ్చింది. ఆయన చెప్పింది ఒకటే.. మరణం! ఆ ఒక్క మాట వాళ్ల వంశాన్ని ఇప్పటికీ వదల్లేదు.

ఎవరీ ఓర్లియన్స్‌లు?
ఫ్రాన్స్‌ను ఏలిన బోర్బన్ వంశంలో ఇది తమ్ముడి శాఖ. రాజు తమ్ముడికి ఓర్లియన్స్ డ్యూక్ బిరుదు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. చిన్నాన్న గాస్టన్ 1660లో చనిపోయాక 14వ లూయీ ఆ బిరుదును తమ్ముడు ఫిలిప్‌కు ఇచ్చారు. ఆస్తి, హోదా అన్నీ దక్కాయి.. అధికారం తప్ప! ఎందుకంటే గాస్టన్ గతంలో సొంత అన్నపైనే కుట్రలు చేశాడు. అందుకే 1677లో కాసెల్ యుద్ధం గెలిచినా ఫిలిప్‌కు మళ్లీ సైన్యాన్ని అప్పగించలేదు.

మన వజ్రానికి వాళ్ల పదవి పేరు
1715లో 14వ లూయీ చనిపోయే నాటికి వారసుడి వయసు ఐదేళ్లే. దీంతో ఫిలిప్ కొడుకు రీజెంట్‌గా, అంటే రాజు తరఫున పాలకుడిగా 1723 వరకు దేశాన్ని నడిపారు. 1717లో ఆయన ఓ పెద్ద వజ్రం కొన్నారు. అది మన కృష్ణా తీరపు గనుల్లో దొరికిందే! అందుకే దాని పేరు రీజెంట్ డైమండ్. 140 క్యారెట్ల ఆ వజ్రం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియం సొత్తు.

ఓటేసినా తల దక్కలేదు
ఇక ఓటేసిన ఫిలిప్ విషయానికొద్దాం. ఈయన రీజెంట్‌కు మునిమనవడు. విప్లవం వైపు నిలబడ్డారు. డ్యూక్ బిరుదు వదిలేసి ‘ఎగాలితే’ అని పేరు మార్చుకున్నారు. అంటే సమానత్వం. కానీ 1793 ఏప్రిల్‌లో ఆయన పెద్ద కొడుకు లూయీ ఫిలిప్ శత్రు దేశం ఆస్ట్రియా వైపు పారిపోయాడు. దాంతో తండ్రి మీద అనుమానం పడింది. అరెస్ట్ చేశారు. నవంబర్ 6న గిలెటిన్‌తో తల నరికేశారు. రాజు చనిపోయి అప్పటికి పది నెలలు కూడా కాలేదు.

పారిపోయిన కొడుకే రాజు
ఆ కొడుకు స్విట్జర్లాండ్‌లో మారుపేరుతో స్కూల్ టీచర్‌గా పని చేశాడు. అమెరికాలోనూ తలదాచుకున్నాడు. సీన్ కట్ చేస్తే.. 1830 విప్లవంలో బోర్బన్ రాజు 10వ చార్లెస్ దిగిపోయాడు. సింహాసనం లూయీ ఫిలిప్‌కు దక్కింది. ‘ఫ్రాన్స్ రాజు’ అనకుండా ‘ఫ్రెంచి ప్రజల రాజు’ అనిపించుకున్నారు. 1848లో మరో విప్లవం రాగానే ఇంగ్లండ్ పారిపోయారు. ఫ్రాన్స్‌కు ఆయనే చివరి రాజు. ఆ తర్వాత వచ్చిన మూడో నెపోలియన్ చక్రవర్తి అనిపించుకున్నాడు.

ఇప్పుడెవరు?
1883లో అన్న శాఖలో చివరి వారసుడు పిల్లలు లేకుండా చనిపోయాడు. రాజరికం కోరుకునేవాళ్లు రెండుగా చీలిపోయారు. ఓర్లియన్స్‌లే వారసులని ఒక వర్గం అంటే, స్పెయిన్ బోర్బన్లే అసలు వారసులని ఇంకో వర్గం. వాళ్ల ప్రధాన వాదన వంశక్రమం గురించే. కానీ 1793 నాటి ఆ ఓటును కూడా గుర్తుచేయకుండా వదలరు. ఫ్రాన్స్ రిపబ్లిక్ కాబట్టి సింహాసనమే లేదు.. అయినా దాయాదుల గొడవ మాత్రం ఆగలేదు!