దూరదేశ విమాన ప్రయాణం – పెద్దల దేహరక్షణ

మా కె.కోటపాడు పరిసరాలలో అమెరికాలో బిడ్డలున్న ఇండ్లు ఇప్పుడు అరుదు కావు. కుమార్తె పురిటికో, మనుమని అన్నప్రాశనకో బయలుదేరే తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే: “అంతసేపు కూర్చోగలమా, వైద్యులు గారూ?”

హైదరాబాదు నుండి చికాగోకు గగనమార్గాన మిక్కిలి దగ్గర దారి సుమారు 13,280 కిలోమీటర్లు. గోడమీది పటంలో అది పడమటి దారిగా తోచును గాని, గోళంమీద దారం బిగించి చూచినచో ఉత్తర ధ్రువప్రాంతం మీదుగా పోవును. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున 15 గంటలకు కొంచెం తక్కువ. ఎక్కుట, దిగుట, ఎదురుగాలి కలిసినచో ఇంకా ఎక్కువ. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల నడుమ ఆగకుండా పోయే విమానం ప్రారంభించి కొంతకాలం నడిపినది. సాధారణంగా ఢిల్లీలోనో, దుబాయిలోనో, దోహాలోనో మారవలసివచ్చును. విశాఖ నుండి లెక్కించినచో ఒక పగలు, ఒక రాత్రి దారిలోనే.

విమానం లోపలి గాలి 6,000 నుండి 8,000 అడుగుల కొండమీది గాలి వలె పలుచన. తేమ 20 శాతం లోపే. రూక్షత, చలనం, జాగరణ – మూడూ వాతప్రకోప కారణాలే. ఆ ఎత్తున కడుపులోని వాయువు దాదాపు మూడవ వంతు వరకు వ్యాకోచించును. కనుక ముందురోజు శనగలు, మినుములు, వేపుళ్లు మానవలెను. జీలకర్ర, శొంఠి వేసిన పలుచని జావ, పెసరకట్టుతో అన్నం చాలును. అల్లుని కొరకు కట్టిన మాడుగుల హల్వా అల్లునికే చేరవలెను. నేతితో బరువైన ఆ మధురం కదలని దేహానికి దారిలో అరగదు.

ఇటీవల విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, మధుమేహం ఉన్నవారు, “ప్రక్కవారిని మాటిమాటికీ లేపడమెందుకని ఆ రోజు నీళ్లు త్రాగనండి” అన్నారు. నాకు భయం కలిగినది. చరకసంహితలో నవేగాన్ధారణీయం అను అధ్యాయమే ఉన్నది. ఆపరాని పదమూడు వేగాలలో మూత్రము, దప్పిక రెండూ ఉన్నవి. నాలుగు గంటలు మించి కదలక కూర్చున్నచో కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపగునని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తెలిపినది. నడవ ప్రక్క సీటు అడిగి తీసుకొమ్మని, గంటగంటకూ మడమలు ఆడించి, రెండు గంటలకొకసారి లేచి నడవమని, గుక్కెడు గుక్కెడుగా నీరు త్రాగమని వారికి చెప్పితిని. మద్యం, అతిగా కాఫీ కూడదు.

మాత్రలు, ఇన్సులిన్, చీటీ చేతిసంచిలోనే ఉండవలెను. ఇన్సులిన్ ఏ గడియారం ప్రకారం తీసుకోవాలో మీ డాక్టరుగారినే ముందు అడుగుడు. చికాగోకు, మనకు శీతకాలంలో పదకొండున్నర గంటల తేడా. పేరు, వివరాలు లేని చూర్ణాలు, భస్మాలు మూటకట్టకుడు.

బయలుదేరునపుడు ముక్కుపుటాలలో రెండేసి చుక్కలు నువ్వులనూనె, చేరిన పిదప గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం మేలు. అయితే ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినచో దానిని మర్దించరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. ఆయాసం తోడైనచో క్షణం ఆలస్యం కూడదు. నిద్ర కుదుటపడుటకు వారం పైనే పట్టును. ఉదయపుటెండలో నడచినచో త్వరగా కుదురును.