పట్టు కాలిస్తే రోగం పోదు

సన్‌షేడ్ కింద తేనెపట్టు, దాని కింద నాలుగు చచ్చిన ఈగలు కనబడితే చాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాట పుడుతుంది: "పట్టుకు వైరస్ సోకింది, మనకూ అంటుతుంది, తీసేయించండి." రాత్రికి కాగడానో పురుగుమందో దిగుతుంది. తెల్లారేసరికి వేల ఈగలు నేలమీద.

అపోహ: రోగమొచ్చిన పట్టును కాల్చేస్తే పీడ విరగడవుతుంది.

వాస్తవం: తేనెటీగల వైరస్‌లు మనుషులకు సోకవు. అసలు ఆ ఈగలు రోగంతోనే చచ్చాయని తేల్చిన డాక్టరెవరో! సన్‌షేడ్ల కింద పట్టు పెట్టే కొండ తేనెటీగలు వెన్నెల రాత్రుల్లోనూ మేతకు వెళ్తాయి. లైట్ల చుట్టూ తిరిగి తిరిగి రాలిపోతాయి. పక్క తోటలో మందు కొట్టినా రాలతాయి.

పోనీ, రోగమే అనుకుందాం. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను ఊడ్చిపెట్టింది. మందు లేదు. తట్టుకుని మిగిలిన కుటుంబాలే మళ్లీ సంతతిని నిలబెట్టాయి. కనబడ్డ పట్టునల్లా కాల్చేవారు తగలబెడుతున్నది అలాంటి విత్తనాన్నే.

సూక్ష్మజీవి సోకడం ఒక ఎత్తు, రోగం ముదరడం ఇంకో ఎత్తు. ముదరడంలో మేతదీ, పురుగుమందులదీ పెద్ద పాత్ర. రకరకాల పుప్పొడి తిన్న ఈగల్లో రోగనిరోధక శక్తి మెరుగని 2010లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపారు. క్లోథియానిడిన్ అనే పురుగుమందు ఆ శక్తిని దెబ్బతీసి, ఒంట్లో అణగి ఉన్న వైరస్‌ను రెచ్చగొడుతుందని 2013లో ఇటలీవారు తేల్చారు. ఈ ప్రయోగాలు పెంపుడు ఈగల మీద జరిగాయి. వాటికి కరువులో చక్కెర పాకం పోసే యజమాని ఉంటాడు. అడవి ఈగకు ఎవరున్నారు? గట్టుమీది తుమ్మినీ గడ్డిచామంతినీ గడ్డిమందుతో మాడ్చేస్తే, పొద్దుతిరుగుడు పూత అయిపోయాక అది ఏం తినాలి?

అపోహ: కార్లమీద పడే పసుపు చుక్కలు విషం.

వాస్తవం: ఈగల రెట్ట. తుడిచేయండి.

అపోహ: సెల్ టవర్లే చంపుతున్నాయి.

వాస్తవం: రుజువు కాలేదు. మందు డబ్బా చేత పట్టుకుని టవర్‌ను తిట్టడం తేలికే.

అపోహ: పూల మీదే రోగాలు అంటుకుంటాయి.

వాస్తవం: ఇందులో నిజముంది, ఒప్పుకోక తప్పదు. రోగమున్న ఈగ వాలిన పువ్వు మీద తర్వాత వాలినదానికి అది అంటొచ్చు. బంబుల్ తేనెటీగల్లో 1994లోనే రుజువైంది. అలాగని పూలు పీకేస్తే, మిగిలిన కాసిని పూల మీదే అన్నీ ఎగబడతాయి. అంటు ఇంకా పెరగొచ్చు.

కాబట్టి కానుగ, నేరేడు, వేప చెట్లను బతకనివ్వండి. పూత మీద మందు కొట్టకండి. తప్పకపోతే ఈగలు గూటికి చేరాక, సాయంత్రం కొట్టండి. బాల్కనీ దగ్గర పట్టుంటే లైటు ఆర్పి, కిటికీ మూసి ఓపిక పట్టండి. మేత తగ్గగానే కొండ తేనెటీగలు వాటంతటవే వలసపోతాయి. ఆగలేకపోతే చంపకుండా తరలించేవాళ్లను పిలవండి, అగ్గిపెట్టె తీయకండి.